తెల్లవారితే శనివారం

సుమేధకు పెళ్ళయిందని అందరికీ తెలుసు. వడ్డించిన వంటవాళ్ళకి తెలుసు, ఫొటోలు తీసినవాడికి తెలుసు, కొత్త మట్టెలు టిక్కుటిక్కుమంటుంటే తలతిప్పి చూసే ఆఫీసు లిఫ్టు జనానికీ తెలుసు. తెలియనిది ఒక్క 'కల్యాణసేతు'కే. అది రాష్ట్రంలోని పెళ్ళిళ్ళను నమోదు చేసే సర్కారు పోర్టల్. దాన్ని నడిపేది విశాఖపట్నంలోని పౌరసేవల సాంకేతిక మండలి. ఆ మండలిలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగి సుమేధ. అంటే, తన పెళ్ళిని ఒప్పుకోని యంత్రానికి రోజూ నూనె పోసేది తనే.

సంగతేమిటంటే, శుభలేఖలో ముహూర్తం 'శుక్రవారం రాత్రి 2 గంటల 17 నిమిషాలకు (తెల్లవారితే శనివారం)' అని అచ్చయింది. మన లెక్కలో తెల్లవారేదాకా శుక్రవారమే. ఈ ముక్క అర్థం కాక పెళ్ళికి ఒకరోజు ముందు వచ్చి కూర్చున్న చుట్టం ఇంతవరకూ లేడు. కల్యాణసేతును రాసిచ్చి, బిల్లు తీసుకుని వెళ్ళిపోయిన కాంట్రాక్టు కంపెనీకి మాత్రం అర్ధరాత్రి దాటితే రోజు మారిపోతుంది. సుమేధ దరఖాస్తులో శుక్రవారం రెండుంబావు అని నింపితే, పోర్టల్ మండపం రసీదు చూసి, శుక్రవారం పొద్దున్న మండపం తెరవడానికి ముందే పెళ్ళి జరిగిపోయిందని తేల్చుకుని, ఎర్రటి అక్షరాల్లో చెప్పింది: "వివాహ సమయానికి కల్యాణ మండపం మీ అద్దెలో లేదు." సరేనని శనివారం అని నింపితే, ఈసారి శుభలేఖ చూసింది: "తేదీ ఆహ్వాన పత్రికతో సరిపోలడం లేదు." అలా అంటూనే దరఖాస్తును 'విచారణలో' అని పక్కన పెట్టింది.

ఇంకొకరయితే పోనీలే అనుకునేవాళ్ళు. కానీ ఆమె భర్త అభిరామ్ కర్నూలు గవర్నమెంటు కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్. భార్యాభర్తలను ఒక ఊరికి చేర్చే బదిలీల కౌన్సెలింగు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. మళ్ళీ ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్ళకే తెలియదు. వివాహ ధ్రువపత్రం ఉంటే ఆయన విశాఖ వస్తాడు. లేకపోతే ఆయన అక్కడ, ఈమె ఇక్కడ, మధ్యలో రాత్రంతా ప్రయాణం. పెళ్ళికి ఎవరో ఇచ్చిన కాఫీ గ్లాసుల జత, ఒకదాన్ని మాత్రమే వాడబుద్ధి కాక, ఇంకా డబ్బాలోనే ఉంది.

"ఏవండీ," అంది సుమేధ ఫోన్లో. కొత్త పిలుపు. నేతచీరలా ఇంకా గంజి విరగలేదు.

అవతల అభిరామ్ నవ్వాడు. "నన్నేనా? మా ప్రిన్సిపాల్‌ని పిలిచావేమోనని వెనక్కి చూశాను."

"మండపం తలుపులు తీయకముందే మన పెళ్ళి అయిపోయిందట."

"మరి నేనెవరి మెడలో కట్టాను సుమీ?"

"నవ్వకండి. నాలుగు లైన్లు మార్చాలి, అంతే. అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ముహూర్తమైతే శుభలేఖలో వారాన్నే నమ్మమని చెప్పాలి. మధ్యాహ్నానికల్లా చేసేస్తాను."

పాపం, ఆ రోజే పెళ్ళిసెలవు ముగించుకుని ఆఫీసుకొచ్చింది. తను లేనప్పుడు అక్కడ ఏం జరిగిందో ఇంకా తెలియదు.

జరిగింది ఇదీ. మండలి సంచాలకులు దక్షిణామూర్తి గారు అరకులోని ఒక రిసార్టుకు శిక్షణకు వెళ్ళొచ్చారు. సాఫ్ట్‌వేరు పనిని 'అజైల్' అనే చురుకైన తీరులో చేయాలనీ, అందులో స్క్రమ్, కాన్‌బాన్ అని రెండు పద్ధతులున్నాయనీ అక్కడ ఆయనకు తెలిసింది. అంతవరకూ మండలిలో పనికి ఒక్క పద్ధతీ లేదు కాబట్టి, రెండున్నాయని తెలిసేసరికి ఆయనకు నిద్రపట్టలేదు. తిరిగొచ్చిన రోజే ఉత్తర్వు వెలువడింది: "ఇరు పద్ధతులలో ఏది శ్రేష్ఠమో నిష్పాక్షికముగా తేల్చు నిమిత్తం, మండలి యావత్తూ రెండు బృందములుగా విభజింపబడినది. ప్రతి పనినీ ఇరు బృందములూ వేర్వేరుగా చేయవలెను."

హాలు మధ్యలో నేలమీద పసుపురంగు టేపు అంటించారు. అటువైపు స్క్రమ్, ఇటువైపు కాన్‌బాన్. నీళ్ళ కూజా ఇటుపడింది, ఏసీ అటుపడింది. సుమేధ కుర్చీ స్క్రమ్‌లో ఉంది.

స్క్రమ్ పెద్ద ఫణికుమార్. ఆ బృందం పొద్దున్నే నిలబడి మీటింగు పెట్టుకుంటుంది. నిలబడితే కాళ్ళు లాగి మాటలు త్వరగా ముగుస్తాయని సిద్ధాంతం. మనవాళ్ళు గోడకు ఆనుకోవడం కనిపెట్టాక ఆ సిద్ధాంతం ఓడిపోయింది.

"ఏటమ్మా సుమేధా, ఎప్పుడొచ్చినావు? పెళ్ళిభోజనం అదిరింది సుమా," అన్నాడు ఫణికుమార్ గోడమీంచి భుజం తీయకుండా. నాలుగు లైన్ల మాట చెప్పగానే ముఖం గంభీరమైంది. "అదవదమ్మా. స్ప్రింటు మొదలైపోనాది. రెండు వారాల పనంతా ముందే మూట కట్టేశాం. మధ్యలో ఇంకోటి దూర్చకూడదు."

"మూటలో ఏమున్నాయండీ?"

"హోమ్‌పేజీకి గులాబీ రంగు."

"అది ఒక్క లైనే కదా!"

"లైను ఒకటేనమ్మా. ఏ గులాబీ అన్నదే రెండువారాలు."

సుమేధ టేపు దాటి ఇటువైపు వచ్చింది. కాన్‌బాన్ పెద్ద జ్యోత్స్న మేడమ్ గోడంతా రంగుకాగితాలతో నింపింది. ఒక్కో పనికీ ఒక్కో చీటీ. చీటీ 'చేయవలసినవి' అన్న గడిలోంచి 'జరుగుతున్నవి' గడికి, అక్కడినుంచి 'అయినవి' గడికి నడవాలి. నడిమి గడిలో మూడుకు మించి ఉండరాదు. ఒకటి కదిలితేనే ఇంకొకదానికి చోటు.

"ఇప్పుడా మూడూ ఏమిటి మేడమ్?"

"ఒకటి సంచాలకుల వారి సంతకం కోసం ఆగింది. రెండోది మొదటిదాని కోసం ఆగింది. మూడోది, సంతకం గురించి వారికి గుర్తుచేయడం."

"అయితే గుర్తుచేయండి."

"ఎవరు చేయాలో తేలాలి. అది ఇంకో చీటీ. దానికి చోటు లేదు." జ్యోత్స్న మేడమ్ ప్రసన్నంగా నవ్వింది. "మా దగ్గర తొందరలుండవమ్మా. ప్రవాహం ఉంటుంది."

"ప్రవాహం ఆగిపోయింది కదండీ?"

"ఆగలేదు, నిలకడగా ఉంది."

తేడా సుమేధకు బోధపడింది. టేపుకు అటువైపు రెండు వారాల దాకా కుదరదు. ఇటువైపు ఎప్పటిదాకా కుదరదో చెప్పలేరు. నిజానికి పుస్తకాల్లో రెండూ మంచి పద్ధతులే. మొదటిది, కొంచెం పని ఒప్పుకుని ఆ మాట నిలబెట్టుకోమంటుంది. రెండోది, చేతిలో ఉన్నది ముగించి ఇంకోటి పట్టుకోమంటుంది. మండలికి వచ్చే దారిలో మొదటిదాంట్లోంచి మాటా, రెండోదాంట్లోంచి ముగించడమూ జారిపోయాయి.

భోజనాల వేళ, అమ్మ పెట్టిచ్చిన ఆవకాయన్నం తింటూ ఎడమచేత్తో ఆ నాలుగు లైన్లూ రాసేసింది సుమేధ. పరీక్షించింది. పనిచేసింది. ఊరికే పనిచేస్తే లాభం లేదు, ఏదో ఒక బృందం ఒప్పుకుంటేనే పోర్టల్‌లోకి ఎక్కుతుంది కాబట్టి దాచుకుంది.

గులాబీ రంగు తేలకుండానే రెండు వారాలూ గడిచి, కొత్త స్ప్రింటు వచ్చింది. ఫణికుమార్ అందరికీ అంకెలున్న పేకముక్కలు పంచాడు. పని ఎంత బరువో ఎవరికి వాళ్ళు ఒక ముక్క ఎత్తి చూపాలి. సుమేధ ఒకటి చూపించింది. పక్కవాళ్ళు ఎనిమిది, పదమూడు, ఇరవై ఒకటి చూపించారు.

"రాసేశానండీ! ఇదిగో, నడుస్తోంది కూడా. అయిపోయిన పనికి బరువెందుకు?"

"అదేనమ్మా తప్పు. ఎంత కష్టమో తెలియకుండా చేసేసినావు," అన్నాడు ఫణికుమార్ జాలిగా. "అర్ధరాత్రంటున్నావు. రేపు సూర్యగ్రహణం వస్తే? ఉత్తరధ్రువంలో తెలుగువాళ్ళు పెళ్ళి చేసుకుంటే? అక్కడ తెల్లవారడానికి ఆర్నెల్లు కదా! ఇరవై ఒకటి వేయండర్రా."

ఇరవై ఒకటి పడింది. పడ్డాక మాత్రం ఫణికుమార్ మాట తప్పలేదు, ఆ నాలుగు లైన్లనూ స్ప్రింటులోకి తీసుకున్నాడు. సరిగ్గా అదే రోజున దక్షిణామూర్తి గారు వేరే కాగితమనుకుని జ్యోత్స్న మేడమ్ కాగితం మీద సంతకం పెట్టేశారు. ఇటువైపు మూడు చీటీలూ గబగబా కదిలిపోయి చోటు దొరికింది. కాన్‌బాన్‌లోని కుర్రాళ్ళు అదే పని అందుకుని, సాయంత్రానికి నాలుగు లైన్లు రాసి, చీటీని 'అయినవి' గడిలో అంటించి చప్పట్లు కొట్టారు.

రెండు వైపులా పని పూర్తయింది! సుమేధ అభిరామ్‌కి ఫోన్ చేసింది. "ఏవండీ, గ్లాసులు కడగనా?"

"కడుగు. చక్కెర నాకు రెండు చెంచాలు."

మర్నాడు దక్షిణామూర్తి గారు ఇరుపక్షాలనూ తమ గదికి పిలిపించారు. ముందు రెండు కాగితాలు. ఒకదానిమీద స్క్రమ్ నాలుగు లైన్లు, ఇంకొకదానిమీద కాన్‌బాన్ నాలుగు లైన్లు.

"ఈ రెండూ ఒకటే," అన్నారాయన, దొంగను పట్టుకున్న గొంతుతో.

"పని ఒకటే కదండీ," అంది సుమేధ.

"పద్ధతులు వేరు కదమ్మా! భిన్నమైన పద్ధతుల నుంచి అభిన్నమైన ఫలితం ఎలా వస్తుంది? వచ్చిందంటే ఎవరో టేపు దాటారు. స్క్రమ్ వారిది విడుదల చేస్తే కాన్‌బాన్ వారికి అన్యాయం. వారిది విడుదల చేస్తే వీరికి. కావున విచారణ ముగిసేదాకా ఏదీ విడుదల కారాదు. ఒక తులనాత్మక సంఘాన్ని నియమిస్తున్నాను."

"ఆ సంఘం ఏ పద్ధతిలో పనిచేస్తుంది సార్?" జ్యోత్స్న మేడమ్ వినయంగానే అడిగింది. "స్క్రమ్‌లో అయితే మాకు అభ్యంతరం."

"కాన్‌బాన్‌లో అయితే మాకండి," అన్నాడు ఫణికుమార్.

దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి సంఘాలు రెండయ్యాయి. ఒకటి రెండువారాల మూటల్లో విచారిస్తుంది, రెండోది చీటీల మీద. రెండు సంఘాల నివేదికలనూ పోల్చడానికి మూడో సంఘం. అది ఏ పద్ధతిలో నడవాలన్నది మిగతా రెండూ తేల్చాక తేలుస్తారు.

"సార్, నెలాఖరుకి కౌన్సెలింగు అయిపోతుంది," అంది సుమేధ. "మా ఆయన కర్నూలులో ఉన్నారు. నాలుగు లైన్లు సార్."

"అంటే ఈ పనివల్ల మీకు స్వయంగా లబ్ధి ఉందన్నమాట!" దక్షిణామూర్తి గారు ఉలిక్కిపడ్డారు. "ముందే చెప్పవద్దా? లబ్ధిదారు ఏ బృందంలోనూ ఉండరాదు."

ఆ మధ్యాహ్నమే సుమేధ కుర్చీని తెచ్చి టేపుమీద వేశారు. రెండు కాళ్ళు అటు, రెండు కాళ్ళు ఇటు. కీబోర్డు తీసేశారు. రోజంతా అక్కడ కూర్చుని, ఎడమచెవితో స్క్రమ్‌నూ కుడిచెవితో కాన్‌బాన్‌నూ వింటూ, మెడలోని పసుపుతాడును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

అయితే దక్షిణామూర్తి గారు గుండెలేని మనిషి కాదు. దారిలో వెళ్తూ ఆమె ముఖం చూసి ఆగారు.

"అమ్మా సుమేధా, సాఫ్ట్‌వేరు మారదు కానీ, మీరు మారవచ్చు కదా? తాత్కాలిక ప్రత్యామ్నాయం అంటాం మేము. పోర్టల్ ప్రకారం మీకింకా పెళ్ళి కాలేదు. పగటి ముహూర్తానికి మళ్ళీ చేసుకోండి. పోర్టల్ కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది."

ఇంకొకరైతే కుర్చీ ఎత్తి విసిరేవారేమో. సుమేధ కళ్ళు మెరిశాయి. మళ్ళీ పెళ్ళి! మళ్ళీ ఆ బుట్టచేతుల జాకెట్టు, మళ్ళీ ఆ మల్లెపూలు, ఈసారి నిద్ర ఆపుకోవాల్సిన పని కూడా లేదు!

"ఏవండీ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఆలోచించుకోవాలి," అన్నాడు అభిరామ్. "నాకు ఆల్రెడీ ఒక భార్య ఉంది, చాలా గడుసుది. ఎప్పుడు రమ్మంటావు?"

కొండమీది చిన్న గుళ్ళో, లక్ష్మీవారం పగలు పదకొండు గంటలకు ముహూర్తం కుదిరింది. అభిరామ్ బస్సు దిగి, గుడి కుళాయి దగ్గరే ముఖం కడుక్కుని పంచె కట్టుకున్నాడు. మండలి యావత్తూ వచ్చింది. రావడమేకాదు, పద్ధతులు కూడా తెచ్చుకుంది.

జ్యోత్స్న మేడమ్ గుడి స్తంభానికి మూడు గడులు గీసిన అట్ట వేలాడదీసింది. నడిమి గడిలో ఒక్క చీటీకే చోటు. పురోహితుడు జీలకర్రాబెల్లం పెట్టించి, తాళి అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పంతులుగారూ, జీలకర్ర ఇంకా నడిమి గడిలోనే ఉందండి. అది కదలాలి."

"కదిలించండమ్మా, ముహూర్తం కదిలిపోతోంది!" అని అరిచాడాయన.

తాళి కట్టడం అయ్యీ అవకముందే ఫణికుమార్ అందరినీ నిలబెట్టి, ఈ పెళ్ళిలో ఏది బాగా జరిగింది, ఏది బాగుపడాలి అని అడిగాడు. పులిహోర బాగా జరిగిందన్నారు. మిరపకాయలు బాగుపడాలన్నారు. వచ్చే పెళ్ళికి సరిదిద్దుకుంటామని తీర్మానించారు.

"వచ్చే పెళ్ళి ఎవరిదండీ?" అన్నాడు అభిరామ్.

"పోర్టల్‌ని బట్టి," అంది సుమేధ తలంబ్రాల బియ్యం జుట్టులోంచి దులుపుకుంటూ. ఆమెకు నవ్వు ఆగడం లేదు.

మధ్యాహ్నమే గుడి రసీదు పెట్టి, కొత్త దరఖాస్తు పంపారు. పోర్టల్ తేదీ చూసింది, ఒప్పుకుంది. సమయం చూసింది, ఒప్పుకుంది. అభిరామ్ నిశ్చింతగా కర్నూలు బస్సెక్కాడు. మర్నాడు పొద్దున్న సుమేధ ఫోనుకి సర్కారు ముద్రతో, నమోదు అధికారి డిజిటల్ సంతకంతో జవాబొచ్చింది.

ఆమె చదివింది. గోడకి చేరగిలబడి మళ్ళీ చదివింది. అప్పుడు మొదటిసారి ఏడుపొచ్చింది.

మొదటి దరఖాస్తు తిరస్కరించలేదు, విచారణలో ఉంది. విచారణలో ఉన్న పెళ్ళిని కూడా పెళ్ళిగానే లెక్కవేసి, ఒకరికి రెండు పెళ్ళిళ్ళు కాకుండా చూసే ఏర్పాటు కల్యాణసేతులో ఉంది. ఆ ఒక్క ఏర్పాటు మాత్రం ఎన్నడూ చెడిపోలేదు.

"ఏవండీ," అంది ఫోన్లో, ముక్కు ఎగబీలుస్తూ. "కౌన్సెలింగుకి ఇంక ఈ రోజే మిగిలింది. మనది కొట్టేశారు."

"ఏమని కొట్టేశారు? చదువు."

"దరఖాస్తుదారు శ్రీమతి సుమేధ, ఇప్పటికే కర్నూలు ప్రభుత్వ కళాశాల లెక్చరరు శ్రీ అభిరామ్ గారికి భార్య అయి ఉన్నట్లు మా రికార్డుల ద్వారా నిర్ధారణ అయినందున..."

"ఆగు, ఆగు. మెల్లగా."

"...సదరు భర్త శ్రీ అభిరామ్ గారు జీవించి ఉండగా, వారితో వివాహబంధం చెక్కుచెదరకుండా కొనసాగుతుండగా, శ్రీ అభిరామ్ గారితో ఆమె రెండవ వివాహమును నమోదు చేయుట కుదరదు. ఇట్టి ప్రయత్నం పునరావృతమైనచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును."



"సుమీ," అన్నాడు అభిరామ్, ప్రాణంలేని గొంతుతో కాదు, పరీక్షలో తెలిసిన ప్రశ్న పడ్డవాడి గొంతుతో. "కింద సంతకం ఉందా?"

"ఉంది."

"ముద్ర?"

"ఉంది... అయ్యో! అయ్యయ్యో, ఏవండీ!"

"పంపించు. ఇప్పుడే ప్రింటు తీసుకుని వెళ్తున్నా."

కౌన్సెలింగు ఆఫీసులో సూపరింటెండెంటు ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూశాడు, బోర్లించి చూశాడు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇది తిరస్కరణ కదండీ?"

"అవునండీ. ఎందుకు తిరస్కరించారో చూడండి."

ఆయన చదువుకున్నాడు. పెదాలు కదిలాయి. "ముప్పై ఏళ్ళ సర్వీసులో మ్యారేజి సర్టిఫికెట్లు బోలెడు చూశాను. ఫలానా రోజున పెళ్ళి జరిగింది అంటాయే గానీ, చెక్కుచెదరకుండా కొనసాగుతోందని ఒక్కటీ పూచీ పడలేదయ్యా," అంటూ ముద్ర గుద్దాడు.

విశాఖపట్నానికి బదిలీ. ఉత్తర్వు చేతికొచ్చింది.

మండలిలో ఈ వార్తకు గొప్ప స్పందన వచ్చింది. ఆ తిరస్కరణ తమ స్ప్రింటులోనే వెలువడింది కాబట్టి అది తమ ఘనత అని స్క్రమ్ వారు ప్రకటించారు. జ్యోత్స్న మేడమ్ 'సుమేధ కాపురం' అని ఒక చీటీ రాసి తిన్నగా 'అయినవి' గడిలో అంటించింది. తులనాత్మక సంఘాలు రెండూ నివేదికలిచ్చాయి. రెండూ ఒకేలా ఉండడంతో వాటిమీదా కాపీ విచారణ వేశారు. దక్షిణామూర్తి గారు తుది నిర్ణయం వినిపించారు: "ఇరు పద్ధతులూ సరిసమానంగా సఫలమైనవి. పని జరగకుండానే ప్రజలకు మేలు జరుగుట ఉభయత్రా రుజువైనది." మూడో పద్ధతి ఒకటి ఉందని ఎవరో చెప్పగా, దాని శిక్షణ కోసం ఆయన ఈసారి ఊటీ వెళ్తున్నారు. హాలును మూడు భాగాలు చేయడానికి టేపు ఆర్డరు పెట్టారు.

ఆ నాలుగు లైన్లు మాత్రం ఇంకా విడుదల కాలేదు. రాత్రి ముహూర్తాల దంపతులు పగలు మళ్ళీ పెళ్ళి చేసుకుని తిరస్కరణలు తెచ్చుకుంటున్నారని, కొండమీది గుళ్ళో పంతులుగారికి ఊపిరి సలపడం లేదని వినికిడి.

కుర్చీ స్క్రమ్‌లోకి తిరిగొచ్చిన రోజు సాయంత్రం, సుమేధ ఫోనుకి అభిరామ్ సందేశం వచ్చింది: "సామాను సర్దేశాను. శుక్రవారం రాత్రి రెండింటికి బండి దిగుతా. స్టేషనుకి రాకు, ఆటోలో వచ్చేస్తా."

ఏ శుక్రవారం, ఏ రాత్రి అని ఆమె అడగలేదు. గ్లాసుల జతను డబ్బాలోంచి తీసింది. కడిగి, తుడిచి, పక్కపక్కనే బోర్లించింది. ఒకదానికొకటి తగిలి టింగుమన్నాయి. ఇంకోసారి తగిలించి చూసుకుంది. తర్వాత మంచంమీద కూర్చుని ఆ రాత్రికి అలారం పెట్టింది. ఒంటిగంటన్నర అని పెట్టగానే, ఫోను తనకు తెలిసిన లెక్క ప్రకారం 'శనివారం' అని చూపించింది.

"తెల్లవారితే," అంది సుమేధ, దానికి సర్దిచెబుతున్నట్టు.